రాతితో వచ్చిన అతిథులు

పిలవకుండా ఇంటికి వచ్చినవారిని ఆదరించాలో, బయటికి పంపాలో తేల్చుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మా చెల్లెలి ఇంట్లో నెల రోజులు ఉన్నాము. అక్కడ ఒక గాజు తొట్టి దగ్గర మేము తొందరపడి చేసిన పొరపాటును మీతో చెప్పుకోవాలని ఆశిస్తున్నాము.

మా మేనల్లుడికి అప్పుడు 14 ఏళ్లు. ఏడాది పాటు ఇరుగుపొరుగు ఇళ్ల ముందు గడ్డి కోసి కూడబెట్టిన డబ్బుతో 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాడు. మేము వెళ్లిన వారంలోనే దానిలోకి 20 కిలోల రాయి వచ్చింది. దానిని వారు 'లైవ్ రాక్' అంటారు. రాయికి ప్రాణం లేదు గాని, దాని సందుల్లో ప్రాణులుంటాయి. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది వాటికి విషం. రాతి రంధ్రాల్లోని సూక్ష్మజీవులు దానిని ముందు నైట్రైట్‌గా, తరువాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. పూర్వం ఈ రాళ్లను సముద్రంలో నుండి పగులగొట్టి తెచ్చేవారట. చేపల నివాసాలు పాడవుతున్నాయని ఫ్లోరిడా తన జలాల్లో 1989లో నిషేధించింది. 1997 నాటికి ఆ తీరానికి ఆవల కేంద్ర ప్రభుత్వ జలాల్లో కూడా నిషేధం వచ్చింది. ఇప్పుడు గనిలో తీసిన సున్నపురాయిని, కౌలుకు తీసుకున్న సముద్రపు అడుగున వేసి, ప్రాణులు పట్టిన తరువాత పైకి తీస్తారు. ఇదీ ఒక సేద్యమే!

ఆ రాత్రి మేనల్లుడు దీపాలార్పి, టార్చిలైటుకు ఎర్ర కాగితం కట్టి మమ్మల్ని పిలిచాడు. ఎరుపు వెలుగు ఆ ప్రాణుల్లో చాలావాటికి కనిపించదు గనుక అవి భయపడకుండా బయటికి వస్తాయి. వెంట్రుకంత సన్నని చేతులాడిస్తున్న చిన్న నక్షత్రాలు, గొట్టంలో నుండి విసనకర్రలా విచ్చుకునే పురుగులు, రాతిపై గులాబిరంగు పెచ్చు కట్టిన నాచు చూసి ఎంతో ఆనందించాము. ఇంతలో వేలెడు పొడవున ఎర్రని పురుగు, ఒంటినిండా ముళ్లతో, సందులో నుండి పాకింది. "అయ్యో, జెర్రి!" అని మా ఇంటావిడ కేకవేసింది.

మరునాడు మేనల్లుడు బడికి, పెద్దలు ఉద్యోగాలకు వెళ్లారు. పిల్లవాడికి సహాయం చేద్దామని మేమిద్దరం పూనుకున్నాము. రాళ్లు పైకి తీసి, దొరికిన ఎర్ర పురుగులనెల్లా, మొత్తం పదకొండు, లాగి పారవేశాము. గోధుమరంగులో పువ్వులా విచ్చుకున్న ఒక చిన్న ప్రాణిని మాత్రం అందంగా ఉందని జాగ్రత్తగా విడిచిపెట్టాము. సాయంత్రానికి మా వేళ్లు నాగజెముడు గుచ్చుకున్నట్టు మండసాగాయి.

బడినుండి వచ్చిన మేనల్లుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. టేపు ముక్కలు తెచ్చి, వేళ్ల మీద అంటించి లాగి, కంటికి కనబడని ఆ ముళ్లు తీశాడు. కొన్ని పగడపు ప్రాణుల్లో ప్రాణాంతకమైన విషం ఉంటుందనీ, తొడుగు లేనిదే రాయిని ముట్టకూడదనీ చెప్పాడు. తరువాత మెల్లగా, "మామయ్యా, అవి బ్రిసిల్ వార్మ్‌లు. వాటిలో ఒకటి రెండు జాతులు పగడాలను తింటాయిగాని, ఇవి రాతిమీద చచ్చినవాటిని తిని నీళ్లు పాడవకుండా చూస్తాయి. మీరు వదిలేసిందే ఐప్టేసియా. అది పక్కనున్న పగడాలను కుట్టి, తొట్టంతా ఆక్రమిస్తుంది" అన్నాడు. సిగ్గుతో, కత్తితో దానిని గోకివేస్తామన్నాము. "వద్దు, మిగిలిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది" అని, సున్నపు ముద్దను సిరంజితో దాని నోటికి పెట్టాడు. మన తాంబూలంలో వేసుకునే సున్నమే!

నాలుగు రోజులకు రాత్రివేళ తొట్టిలో నుండి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. మా ఇంటావిడ రాళ్లన్నీ పారవేయమంది. మేనల్లుడు ఒప్పుకోలేదు. అది మాంటిస్ ష్రింప్ అయితే ముడిచిన కాళ్లతో గుద్ది నత్తల గుల్లలు పగులగొడుతుంది, చేపలనూ చంపుతుంది. పిస్టల్ ష్రింప్ అయితే ఒక డెక్క మాత్రం చాలా పెద్దదిగా ఉండి, దానితో చిటికె వేస్తుంది, తొట్టిలో ఉండనివ్వవచ్చు. చప్పుడు రెండింటిదీ ఒకటే. వాడు మూడు రాత్రులు మేలుకొని, పెద్ద డెక్కను కళ్లారా చూశాకే నిద్రపోయాడు.

అలాగని అన్నిటినీ ఉపేక్షించరాదు. 2009లో ఇంగ్లండులోని న్యూకీ పట్టణపు అక్వేరియంలో పగడాలు ధ్వంసమవుతూ, చేపలు గాయపడుతూ ఉంటే, రాళ్లన్నీ విప్పి చూశారు. దాదాపు 4 అడుగుల పురుగు బయటపడింది. దానికి వేసిన ఎరతో పాటు గాలపు తాడును కూడా కొరికివేసిందట!

మేనల్లుడి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో మూడు గడులు గీసుకున్నాడు. మంచివి, చెడ్డవి, ఇంకా తెలియనివి. మూడవదే అన్నిటికంటె పొడవుగా ఉంది. మేము చూసిన తొట్టిలో మాకు రెండే గడులున్నాయి, అవి కూడా కంటికి నచ్చినవి, నచ్చనివి.

ఊరికి తిరిగివచ్చాక ప్రత్తి చేలగట్టు మీద నడుస్తుంటే ఇది గుర్తుకు వస్తుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగును కూడా పురుగే కదా అని మందు కొట్టి చంపుకున్న రైతులం మనం. చేలోనేమి, ఇంటిలోనేమి, పొరుగువారి విషయములోనేమి, చెయ్యి ఎత్తేముందు ఆ మూడవ గడిని జ్ఞాపకం చేసుకుందాము. మా మేనల్లుడు మాపై కోపగించుకోకుండా ముళ్లు తీశాడు గనుకనే ఈ పాఠం మాకు దక్కింది.