మాట తప్పని తెర

కంప్యూటరును గురించి తెలుగు ఉపన్యాసకుడు వ్రాయడమేమిటని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చును. కాని తెర మీద కనిపించేవి అక్షరాలు. అక్షరాల మంచిచెడ్డలు విచారించడం నా వృత్తి.

రంగురంగుల చిత్రాలకు అలవాటుపడిన మనకు, నల్లని తెర మీద అక్షరాలు మాత్రమే కనిపించే కన్సోల్ పాతకాలపు వస్తువుగా తోస్తుంది. నిజానికి దాని మూలం తెర కంటె పాతది. యూనిక్స్ వ్యవస్థలో నేటికీ వాడుకలో ఉన్న 'టిటివై' అనే పేరు, కాగితం మీద అక్షరాలు కొట్టే టెలిటైప్ యంత్రం నుండి వచ్చినది. ఆ యంత్రంలో ముద్రించే భాగం ఎడమ అంచుకు మరలడం ఒక పని, కాగితం ఒక వరుస జరగడం మరొక పని. రెంటికీ వేరువేరు సంకేతాలు. యంత్రం పోయింది. విండోస్ పాఠ్యపు ఫైళ్ళలో పంక్తి చివర ఆ రెండు సంకేతాలు ఇప్పటికీ జంటగా వస్తున్నవి. గంట మోగించే ఏడవ సంకేతమూ అంతే. గంట లేదు, సంకేతమున్నది! 1978లో వచ్చిన విటి100 టెర్మినల్ తెరకు 24 వరుసలు, వరుసకు 80 గళ్ళు. దాని సంకేతభాషనే నేటి టెర్మినళ్ళు అనుసరిస్తున్నవి.

ఈ పాతనంతా ఊడ్చివేయరాదా? నేనెరిగిన ఒక కార్యాలయంలో జీతాల పట్టికను తయారుచేసేది ఇటువంటి నల్లని తెర మీది ప్రోగ్రామే. వ్రాసినవారెవరో అక్కడ ఎవరికీ గుర్తు లేదు. అది నిలిచిపోతే ఒకటవ తేదీన ఎన్ని ఇళ్ళు ఎదురుచూడవలెనో ఊహించండి.

మైక్రోసాఫ్ట్ వారికి ఈ చిక్కు మరింత పెద్దది. విండోస్ పాత ప్రోగ్రాములు అక్షరాలను ధారగా పంపి ఊరుకోవు. ఫలానా వరుసలో ఫలానా గడిలో ఈ అక్షరముంచుమని నేరుగా ఆజ్ఞాపిస్తాయి. ఆ గడిలో ఏమున్నదో తిరిగి చదువుకుంటాయి కూడా. అందుచేత 2018లో విండోస్ 10లో నడుమ ఒక దుబాసీని నిలిపినారు. పాత ప్రోగ్రాము ఎదుట మునుపటి గళ్ళపటమే కంటికి కనిపించకుండా ఉంటుంది. అందులో జరిగిన మార్పులను దుబాసీ విటి సంకేతాలలోకి మార్చి కొత్త టెర్మినల్‌కు అందిస్తాడు. పాత ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మార్చనవసరం లేదు. కట్టడం మారింది, ఇచ్చిన మాట మారలేదు. ఈ నేర్పును నేను మెచ్చుకోకుండా ఉండలేను.

అయితే ఆ మాట ఎవరికిచ్చినది? ఒక అక్షరానికి ఒక గడి అనే ఒప్పందం ఇంగ్లీషుకు సరిపోయినది. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు మాట్లాడే నేను, ఒకనాడు రెండు లిపులలోనూ నా పేరు టైపు చేసి చూశాను. ఉర్దూ అక్షరాలు చేతులు విడిచిన పిల్లల వలె విడివిడిగా నిలిచినవి. కుడి నుండి ఎడమకు సాగుతూ, ఒకదానిపై ఒకటి వాలే నస్తాలీఖ్ అక్షరాలు గళ్ళనెక్కడ ఎరుగును? తెలుగు సంగతి చూడండి: 'లక్ష్మి'లోని 'క్ష్మి' కంటికి ఒక్కటి, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. దానికెన్ని గళ్ళివ్వాలి? లినక్స్ పాఠ్యపు కన్సోల్ ఒక్కసారికి 512 అక్షర రూపాలను మించి ఉంచుకోలేదు. మన గుణింతాలు, ఒత్తులు అందులో ఎక్కడ ఇముడును?

పాతవారికిచ్చిన మాట వలన మనకు చోటు లేదనే వాదాన్ని మాత్రం నేనంగీకరించను. కాన్పూరు ఐఐటిలో మొదలై, తరువాత సి-డాక్ చేతికి వచ్చిన జిస్ట్ కార్డు, పాత డాస్ ప్రోగ్రాములను మార్చకుండానే వాటి తెర మీద భారతీయ లిపులను చూపినది. 1991లో ప్రమాణమైన ఇస్కీ సంకేతావళి, మొదటి 128 స్థానాలను ఇంగ్లీషుకు యథాతథంగా విడిచి, మన లిపులను పై భాగంలో కూర్చోబెట్టినది. నేటి టెర్మినల్‌లో మిగిలిన చిక్కు గళ్ళ లెక్క. 'క్ష్మి'కి ఎన్ని గళ్ళో ప్రోగ్రాము ఒక విధంగా, టెర్మినల్ మరొక విధంగా లెక్కిస్తే కర్సరు తప్పుచోట నిలుస్తుంది. మన కళాశాల కంప్యూటర్ విద్యార్థులు ఈ లెక్కనుండే మొదలుపెట్టవచ్చును.