షట్‌డౌన్ అయినా ఆగని ఫ్యాన్

లైనెక్స్ కంప్యూటర్ షట్‌డౌన్ అయ్యాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే, ముందు చదవాల్సింది తెర మీద నిలిచిన చివరి వాక్యం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మేం చూసిన రిపేరు దుకాణంలో స్క్రూడ్రైవర్ బయటికి తీయకముందే జరిగే పరీక్ష అది. బల్ల మీదున్న పాత డెస్క్‌టాప్‌లో ‘సిస్టమ్ హాల్టెడ్’ అని ఉంది.

ఈ చిక్కు 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ నమూనాతో మొదలైంది. అంతకుముందు డబ్బా మీది స్విచ్చే కరెంటును నేరుగా తెంచేది. ఏటీఎక్స్‌లో ఆ పని పవర్ సప్లై నుంచి వచ్చే ఆకుపచ్చ తీగది. మదర్‌బోర్డు దాన్ని గ్రౌండుకు కలిపి ఉంచినంతసేపూ సప్లై నడుస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. వదలమని చెప్పాల్సింది కెర్నల్. అందుకు మొదట 1992 నాటి ఏపీఎం అనే ప్రమాణం ఉండేది. 1996 చివర్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ తెచ్చాయి. పూర్తిగా ఆఫ్ అయిన స్థితికి ఇందులో పేరు ఎస్5. దానికి ఏ విలువ కావాలో బయాస్ ఇచ్చే పట్టికలో ఉంటుంది. కెర్నల్ దాన్ని తీసి బోర్డులోని రిజిస్టర్‌లో రాస్తుంది.

‘పవర్ డౌన్’ అని పడి ఆగిపోతే తేడా ఎక్కువగా బయాస్ వైపు ఉంటుంది; దాని అప్‌డేట్ ఉందేమో చూడాలి. పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకున్నప్పుడు ఆఫ్ అయితే తీగ, సప్లై బాగున్నట్టే. ‘సిస్టమ్ హాల్టెడ్’ సంగతి వేరు. ‘హాల్ట్’ ఆదేశం ప్రాసెసర్‌ను ఆపుతుందే కాని కరెంటు తీయదు, కాబట్టి ‘పవర్‌ఆఫ్’ అని విడిగా టైపు చేసి చూడాలి. దుకాణంలో అదీ చేశారు. మళ్లీ అదే వాక్యం. కరెంటు తీసే దారి ఏదీ దొరకకపోతే కెర్నల్ పవర్‌ఆఫ్‌ను కూడా హాల్ట్‌గా మార్చేస్తుంది. ఇది తెలియక సప్లైలు మార్చినవాళ్లూ ఉన్నారట. బూట్ లైన్ తెరిస్తే కారణం కనిపించింది: ‘ఏసీపీఐ=ఆఫ్’. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే ఈ ముక్క తగిలించి, తర్వాత తీయడం మరిచిపోవడం మామూలే. గ్రబ్ సెట్టింగుల్లోంచి దాన్ని తీసేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేశాక డెస్క్‌టాప్ బుద్ధిగా ఆఫ్ అయింది.

మరీ పాత బయాస్ ఉన్న డబ్బాలకు దీనికి తిరగేసిన మందు ‘ఏసీపీఐ=ఫోర్స్’; బయాస్ తేదీ చూసి కెర్నలే ఏసీపీఐని పక్కన పెట్టేసే సందర్భాలుంటాయి.

షట్‌డౌన్ మధ్యలో ‘స్టాప్ జాబ్’ అంటూ 90 సెకన్లు లెక్కపెడుతుంటే అది ఏదో సర్వీసు మొరాయింపు, కరెంటుతో సంబంధం లేదు. ఆఫ్ అయిన వెంటనే తనంతట తానే లేచే కంప్యూటర్‌లో వేక్ ఆన్ ల్యాన్, యూఎస్‌బీ వేక్ ఆప్షన్లను బయాస్‌లో ఒక్కొక్కటిగా ఆపి చూడాలి.