రోహిణి కార్తెలో గులాబీ

డిసెంబరు వచ్చిందంటే వాతావరణ వార్తల్లో పటాన్‌చెరు పేరు వినబడక తప్పదు. హైదరాబాదు చుట్టుపక్కల చలి ముందుగా కొరికేది ఇక్కడే. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే ఆ రోజుల్లో రామచంద్రాపురం భెల్‌ క్వార్టర్ల ముందు, ఎద్దుమైలారం ఫ్యాక్టరీ కాలనీలో, సంగారెడ్డి పాత ఇళ్ల గోడల వారగా గులాబీలు అరచేయి నిండా పూస్తాయి. అప్పుడు ఎవరైనా గులాబీ పెంచగలరు. నాలుగు నెలలు తిరిగేసరికి అదే మొక్కకు రూపాయి బిళ్లంత పువ్వు. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి అంచులు మాడతాయి, ఎరుపు వెలిసిపోతుంది. ఇంటివాళ్లు కంగారుపడి గుప్పెడు డీఏపీ వేస్తారు. మొక్క మరింత వాడుతుంది.

దాని తప్పేం లేదు. వేడికి మొగ్గ తొందరపడి విచ్చుకుంటుంది, రేకులు పెరగడానికి వ్యవధి ఉండదు. మిట్టమధ్యాహ్నం ఆకు తన రంధ్రాలు మూసుకుని నీటిని దాచుకుంటుంది. అవి మూసుకున్నాయంటే ఆహారం తయారీ కూడా కుంటుపడుతుంది. రాత్రిపూట సెగ తగ్గకపోతే పగలు కూడబెట్టిన కాస్తా ఖర్చయిపోతుంది. అయినా మొగ్గ తొడగడం మానదు. అది వంశంలో వచ్చిన గుణం. యూరప్‌ పాత గులాబీలు చాలామటుకు ఏడాదికి ఒక్క విడతే పూసేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చైనా గులాబీలు అక్కడికి చేరి, వాటితో సంకరం చేశాకే విడవకుండా పూసే రకాలు పుట్టుకొచ్చాయి. మొదటి హైబ్రిడ్‌ టీ అని చెప్పే ‘లా ఫ్రాన్స్‌’ 1867 నాటిది. అక్కడ మంచు కురిసి మొక్కకు బలవంతాన సెలవు దొరుకుతుంది. మన దగ్గర ఆ సెలవు మనమే ఇవ్వాలి, అదీ ఎండాకాలంలో. అందుకే అంటాను, ఏప్రిల్‌, మే నెలల్లో గులాబీని పూయించాలని చూడొద్దు, బతికించండి చాలు. మొగ్గ కనబడగానే గిల్లేయండి.

గిల్లమంటే మా పక్కింటామెకు ప్రాణం ఒప్పదు. "దేవునికి పెట్టెటందుకే కద పెంచేది, తుంచేస్తే ఎట్ల?" అంటుంది. దేవుడికి ఆ రెండు నెలలూ మల్లెలున్నాయి.

మొగ్గ గిల్లమన్నానని కత్తెర మాత్రం పట్టుకోవద్దు. ఆ ఆకుల నీడే కొమ్మకు గొడుగు. అది తీసేస్తే ఎండ నేరుగా బెరడును కాలుస్తుంది, కొమ్మ కొస నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. గట్టి కత్తిరింపుకు అక్టోబరు ఉంది. అప్పుడు కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పువ్వు చేతికొస్తుంది.

ఎండలు ముదిరాక కూడా ఇస్నాపూర్‌ సందుల్లోకి కడియం మొక్కల ఆటో వస్తుంది. "అక్కా, సూడు, మొగ్గతోనే ఉంది" అని బేరం మొదలుపెడతాడు. ఆ మొగ్గే ఎర. నల్ల కవరు చింపి చూస్తే వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. గోదావరి గట్టున కడియం నర్సరీల్లో అది తడిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. లారీలో ఇంత దూరం వచ్చేసరికి గట్టిపడిపోతుంది. దాన్ని అలాగే కుండీలో పాతితే మనం పోసిన నీరు ముద్ద లోపలికి ఇంకకుండా పక్కల నుంచి జారిపోతుంది. పైన మట్టి తడి, లోపల వేరు పొడి. కొనక తప్పకపోతే ముద్దను కాసేపు బకెట్‌ నీళ్లలో నానబెట్టి, వేలితో అంచులు వదులు చేసి నాటుకోవాలి. మృగశిర దాకా ఆగగలిగితే ఈ తంటా తక్కువ.

పటాన్‌చెరులోనే 1972 నుంచి ఇక్రిశాట్‌ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ ఈ వేడికి తట్టుకునేలా చేయడమే దాని పని. గులాబీకి అలాంటి సేవ చేసినవాళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌ కేడర్‌ ఐఏఎస్‌ అధికారిగా పనిచేసి, కొలువు ముందుగానే వదిలేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్‌. వీరరాఘవన్‌ ఆ కొద్దిమందిలో ఒకరు. బెంగాల్‌ పల్లపు నేలల్లో నీళ్లలో నిలబడి పెరిగే రోజా క్లైనోఫిల్లా, మణిపూర్‌ కొండల రోజా జైగాంటియా తీసుకుని వేడి దేశాల గులాబీలు పుట్టించారు. వాటిలో ఒకటి ‘గోల్డెన్‌ త్రెషోల్డ్‌’. హైదరాబాదులో సరోజినీ నాయుడు ఇంటి పేరూ అదే. మన ఆటోల్లోకి ఆ రకాలు రావు. అందుకే లేత గులాబి రంగు నాటు గులాబీకే నా ఓటు. పువ్వు చిన్నదే, వాసన ఉంది, మొండిది.

ముంబయి హైవే వారగా ఇల్లున్నవాళ్లకు దుమ్ము మరో బెడద. లారీలు లేపిన దుమ్ము ఆకుల మీద పేరుకున్న చోట ఎర్రనల్లి త్వరగా ఎక్కుతుంది. ఆకు పైన సన్నని పసుపు చుక్కలు కనబడితే తెల్ల కాగితం కింద పెట్టి కొమ్మను తట్టండి. రాలిన చుక్కలు నడుస్తుంటే అవి నల్లులే. ముందే మందు కొట్టొద్దు. పొద్దున్నే పైపు పట్టి ఆకుల అడుగు భాగం కడిగితే సగం పోతాయి, దుమ్మూ పోతుంది. ఎండ మండిపోతున్న రోజుల్లో గంధకం చల్లితే నల్లితో పాటు ఆకూ మాడుతుంది.

ఇవన్నీ ఒకెత్తు, నీళ్లు ఒకెత్తు. 1965 నుంచి హైదరాబాదుకు తాగునీళ్లిచ్చిన మంజీరా మన పక్కనే పారుతుంది. ఫ్యాక్టరీల మురుగు మోసిన నక్కవాగు కూడా వెళ్లి ఆ మంజీరాలోనే కలుస్తుంది. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఇక్కడ బోరు నీళ్లను ఎవరూ కళ్లు మూసుకుని నమ్మరు. గులాబీ అసలే ఉప్పుకు ఓర్వని మొక్క. ఆకు అంచు గోధుమ రంగుకు తిరిగితే అందరూ ఎండ దెబ్బ అంటారు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. కట్టి ఉంటే అది ఉప్పు. వేసవిలో ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ ఉప్పు మిగులుతుంది, ఆవిరయ్యేది నీరే కదా. ఇది తెలియక వాటర్‌ ఫిల్టరు వదిలేసిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక బకెట్లో పట్టి గులాబీకి పోసేవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. ఆ యంత్రం మన గ్లాసులోంచి తీసిన లవణమంతా ఆ బకెట్లోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వాటిని మాత్రం నేలపాలు చేస్తారు.

కుండీ మీద ఎండుగడ్డో వేరుశనగ పొట్టో పరచండి, నల్ల ప్లాస్టిక్‌ కుండీలను డాబా కాంక్రీటు మీంచి దింపి తూర్పు వైపు పెట్టండి. ఏసీ గొట్టం కింద ఈ రోజే ఒక బకెట్‌ పెట్టండి. ఫిల్టరు వదిలేసిన నీళ్లతో ఇల్లు తుడుచుకోండి.