నాయిన గడ్డపార, మన హాలు గుమ్మం



పోయిన ఆదివారం హాలు మరమ్మతుకు వచ్చినవాళ్లంతా చూశారు. రానివాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చెదలు పట్టిన వెనక గుమ్మం విప్పేటప్పుడు మన కుర్రాడొకడు గడ్డపారను ఇటుక మీద ఆనించి ఒంటి బరువంతా వేశాడు. ఇటుక పగిలింది. గడ్డపార జారి, వంగి చూస్తున్న పెద్దాయన గడ్డానికి బెత్తెడు దూరంలోంచి దాని మొన పోయింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. అందరూ ఆ పిల్లవాణ్ణే తిట్టారు. కానీ గడ్డపార వాడి చేతికిచ్చింది నేను. ఎలా పట్టాలో ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

ముంబై కట్టినవాళ్లలో మన కామాఠీలు ఉన్నారని ప్రతి ఉత్సవంలో మైకు పట్టుకుని చెప్పుకుంటాం, కామాఠీపుర పేరే సాక్ష్యం అంటాం. మా నాయిన మాత్రం కట్టేవాడు కాదు, విప్పేవాడు. పాత ఇళ్లు కూల్చేచోట టేకు గుమ్మాలు, కిటికీలు చీలకుండా తీయడం ఆయన పని. చీలితే ఆ రోజు కూలిలో కోత. "పగలగొట్టుడు ఎవనికైనా వస్తది బిడ్డా, ఇప్పుడు రావాలె" అనేవాడు. నేను ఆఫీసు ఉద్యోగంలో చేరాక ఆ గడ్డపారను మంచం కింద దాచాను, చుట్టాలకు కనబడకుండా. ఆ సిగ్గు సంగతి ఇంకోసారి రాస్తాను. ఆయన చెప్పిన పని సంగతి ముందు రాస్తాను.

మరాఠీ వాళ్లు పహార్ అన్నా, హిందీవాళ్లు సబ్బల్ అన్నా, చెన్నైలో మనవాళ్లు కడప్పారై అన్నా వస్తువు ఒకటే. కొనేటప్పుడు మొదట బరువు చూడండి. కడ్డీ బరువుకు మన మేస్త్రీల లెక్క ఉంది కదా: మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 25 మి.మీ. గుండ్రటి కడ్డీ అయిదడుగులది దాదాపు 6 కిలోలు. 32 మి.మీ.ది అయితే తొమ్మిదిన్నర. అలవాటు లేని చేతికి మొదటిదే ఎక్కువ. ఆరు పలకల కడ్డీ అయితే చేతిలో తిరగదు. స్లాబులో వేసే ఇనుప కడ్డీ ముక్కకు మొన కొట్టి అమ్ముతారు, అది కొనకండి. గట్టిగా వేస్తే వంగి అలాగే ఉండిపోతుంది. లారీ కమాను పట్టాతో కమ్మరి చేసిచ్చినది మేలు. మొన మొద్దుబారితే సాన పట్టించండి, కానీ ఇనుము నీలం రంగు తిరిగేదాకా కాదు. అలా కాలితే పదును నిలవదు. మధ్యమధ్య నీళ్లలో ముంచాలి.

అన్ని పనులకూ పెద్దది అక్కర్లేదు. మేకులకు, పలకలకు మూరెడు కడ్డీ చాలు, ఒక కొస వంగి చీలిక ఉన్నది. టైల్సుకు, గోడ అంచు పట్టీలకు బల్లపరుపు మొన ఉన్నది కావాలి.

ఇక ఆదివారం జరిగిన పొరపాటు. అయిదడుగులంటే 60 అంగుళాలు. మొన నుంచి 2 అంగుళాల దగ్గర ఆనిస్తే అవతల 58 అంగుళాలు మిగులుతాయి, అంటే మన బలానికి 29 రెట్లు. 30 కిలోలు వేస్తే మొన దగ్గర 870 కిలోలు. 6 అంగుళాల దగ్గర ఆనిస్తే 9 రెట్లే. అందుకే దగ్గరగా ఆనించమంటారు. కానీ మొన దగ్గరి బలం, మనం వేసిన బలం రెండూ కలిసి ఆనించిన చోటే పడతాయి. అంటే ఆ పాత ఇటుక మీద దాదాపు 900 కిలోలు! అది పగలక ఏం చేస్తుంది? అక్కడ వెడల్పాటి చెక్క పెట్టాలి. నాయిన సంచిలో ఎప్పుడూ రెండు చెక్కలుండేవి. నేను గడ్డపార తెచ్చాను, చెక్కలు మరిచాను.

గుమ్మానికి అసలు బలమే అవసరం లేదు. ముందు పైన లింటెల్ ఉందో లేదో చూడాలి. లేకపోతే గోడ బరువు గుమ్మం మీదే ఉండొచ్చు, ఆసరా కర్రలు పెట్టాకే ముట్టాలి. తర్వాత చుట్టూ ప్లాస్టరు ఉలితో తీసి, గోడలోకి పోయిన హోల్డ్‌ఫాస్టులు ఆక్సా బ్లేడుతో కోయాలి. అప్పుడు కింద కొంచెం, పైన కొంచెం కదిలిస్తే తనే వస్తుంది. రాకపోతే ఇంకా ఎక్కడో పట్టుకుని ఉందని అర్థం, వెతకాలి. కడ్డీకి పైపు తొడిగి పొడుగు చేయకూడదు. మెయిన్ ఆపకుండా గోడలో గుచ్చకూడదు. జారితే కడ్డీ ఎటు పోతుందో ఆ దారిలో మన మొహం గానీ, పక్కవాడి మొహం గానీ ఉండకూడదు.

ఆ పిల్లవాడు రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. నిన్న వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాను. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ముందు గుమ్మం వాడే తీస్తాడు, నేను పక్కన నిలబడి చెబుతాను. చెక్కలు నేను తెస్తాను. మీరు చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రండి, కళ్లద్దాలు మరవకండి. ఇళ్లలో మంచాల కింద పాత గడ్డపారలు ఉంటే అవీ తీసుకురండి.