కండలేటి యొడ్డున గాలపుఁ గఱ్ఱ

నెల్లూరి సోదరీమణులకు మైపాడు తీరము చిరపరిచితమే. పట్టణమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న యా యిసుకతిన్నెలు మనలో ననేకులు చూచినవే. కాని యచటికి దక్షిణముగా, కృష్ణపట్నమునొద్ద కండలేరు కడలిఁ గలియు చోటును నిదానించి చూచినవారు కొందఱే. 2008లో తెఱవఁబడిన క్రొత్తరేవు సందడి యొకప్రక్క; దానికి దూరముగా ఉప్పునీటి పాయలును, మడచెట్లును మఱియొకప్రక్క. ఆ మడవేళ్ల నీడలఁ బొంచి, పోటుపాటులతో వచ్చు రొయ్యలకును చిఱుచేఁపలకును కాచుకొని యుండునది పండుగప్ప.

మాకు మత్స్యభోజన మలవాటు లేదు. అయినను మా మఱది గాలము వేయు వేడుక గలవాఁ డగుటచే, సెలవులలో మే మాతనివెంట నేఁగితిమి. "ఒక్క చేఁపకు మూఁడు కఱ్ఱ లెందులకు?" అని యడిగితిమి. "వదినగారూ, అన్నమునకును పులుసునకును ఒకే గరిటె వాడుదురా?" అని యాతఁడు నవ్వెను. పిమ్మట చెప్పిన విషయము వినఁదగినదిగాఁ దోఁచినది.

సముద్రపు టొడ్డున అలల కావలికి బరువైన సీసపుగుండుతో ఎర విసరవలయును; అందులకు 10 మొదలు 12 అడుగుల పొడుగు కఱ్ఱ కావలయును. పాయలో మడకొమ్మల క్రింద గుఱి తప్పక విసరుటకు 7 అడుగులది చాలును. ఇఁక ఎరనుబట్టి కఱ్ఱ వంపు మాఱును. రబ్బరుచేఁపకు ఒకే పెద్ద కొక్కె ముండును. అది గట్టినోటిలో నాటుకొనుటకు కొనమాత్రమే వంగు బిరుసుకఱ్ఱ తగును. నీట మునిఁగి యీఁదు కొయ్యచేఁపకు మూఁడుకొనల సన్నకొక్కెము లుండును; బిరుసుకఱ్ఱతో లాగిన నవి నోటిని చీల్చి యూడివచ్చును గావున, నడుమువఱకు వంగు మెత్తనికఱ్ఱ మేలు. నీటిపైఁ దుళ్లు బొమ్మయెరకు కొంచెము పొట్టిదై, కొన మెత్తనైనది కావలయును. ఎంత బరువైన ఎరకుఁ దగునో కఱ్ఱమీఁదనే వ్రాసియుండును. పండుగప్ప మొప్పలమూఁత కత్తివలె వాఁడియైనది. కావున కొక్కెమునకుఁ బైన మూరెఁడుమేర దళసరి దారము తప్పనిసరి.

ఇంతటి విచారము వేడుకకొఱకే యనుకొనరాదు. పండుగప్ప సాధారణముగా మగదై పెరిగి, కొన్ని యేండ్లకు ఆఁడుది యగును. భాగవత నవమస్కంధమున సుద్యుమ్నుఁడు స్త్రీయైన కథఁ జదివినప్పు డాశ్చర్యపడితిమి. ఈ పాయలలో నది నిత్యకృత్యము. కావున మిక్కిలి పెద్దచేఁపలు తఱచుగాఁ దల్లులే. ఒక్కొక్కటి లక్షలకొలఁది గ్రుడ్లు పెట్టును. బలహీనమైన కఱ్ఱతోఁ జాలసేపు పెనఁగులాడిన చేఁప యలసి, తిరిగి నీట విడిచినను బ్రతుకుట కష్టము. తగిన కఱ్ఱ యైనచో త్వరలో నొడ్డుఁ జేరును. చేతులు తడిపికొని, కడుపుక్రింద నానుకయిచ్చి, కొక్కెము తీసి, యది తనంతఁ దాను ఈఁదుకొనిపోవువఱకు నీటిలోనే పట్టియుంచవలయును.

జీవనమునకై వల వేయు పట్టపువారి మాట వేఱు. ఆ చేఁపయే వారి యింటికి బియ్యము, బిడ్డలకు బడిపుస్తకములు. వినోదమునకై గాలము పట్టువారికి మాత్రము పెద్దతల్లిని విడుచుట ధర్మము. విడిచిన తల్లి గ్రుడ్లే రేపు పట్టపువారి వలలోని చేఁప లగును.

కావున సోదరీమణులారా, మీ తమ్ములో బిడ్డలో గాలపుఁ గఱ్ఱ కావలెనని యడిగినచో, రంగునో వెలనో చూడకుఁడు. ఏ నీట వేయుదువు, ఏ ఎర కట్టుదువు, పట్టినదానిని విడుతువా యని మూఁడు ప్రశ్న లడుగుఁడు. మూఁటికిని బదులు చెప్పఁగలిగిన పిల్లవానికే కఱ్ఱ కొనియిండు.