ఫిరంగిపురం దారిలో సిస్టర్ల బడి

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సు మీరెప్పుడైనా ఎక్కారా? ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే ఆ దారి అందమే వేరు. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. కిటికీ పక్కన కూర్చున్నామా, ఆ ఘాటుకి తుమ్ములు ఆగవు. దూరంగా కొండవీడు కొండలు కనిపిస్తూ ఉంటాయి. ఆ దారిలోనే ఫిరంగిపురం వస్తుంది. రైల్లో వెళ్ళేవాళ్ళకి అక్కడ స్టేషను కూడా ఉంది.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో నేనూ, మావారూ మా చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని ఆ బస్సెక్కాం. అత్తయ్యగారికి ఒంట్లో బాగుండటం లేదని, గుంటూరు నుంచి సొంతూరికి మారిపోదామని అనుకున్నాం. మా ఊరు ఫిరంగిపురానికి దగ్గర్లోనే. చిన్నది ఆరో తరగతిలో చేరాలి. మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో సిస్టర్లు నడిపే చిన్న బడి ఉందని విని, చూసొద్దామని బయల్దేరాం.

"బడి చూడ్డానికి ఇంత హడావుడా? నలుగురూ బాగుందంటే చేర్పించెయ్యడమేగా!" అంటారేమో. పెద్దమ్మాయి విషయంలో నేను చేసింది సరిగ్గా అదే. వీధి చివర బోర్డు మీద ఒక సెయింటు పేరు చూసి, కాన్వెంటు కదా అని మురిసిపోయి చేర్పించాను. పదో తరగతికొచ్చాక హాల్‌టికెట్ చేతికొస్తే దాని మీద ఇంకేదో స్కూలు పేరుంది! వీళ్ళకి ఏడో తరగతి వరకే గుర్తింపుందట. పై తరగతుల పిల్లల్ని వేరే బడి పేరుతో పరీక్షకి కట్టించారట. టి.సి. కోసం ఆ పిల్లా నేనూ రెండు బళ్ళ మధ్యా పదిహేను రోజులు తిరిగాం. ఇంటర్లో చేరడం ఆలస్యమై, అది కోరుకున్న గ్రూపులో సీటు దొరకలేదు. ఆ మాట ఇప్పటికీ తలుచుకుని బాధపడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అందుకే ఈసారి అన్నీ కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను.

ముందు ఫిరంగిపురంలో దిగి బాలయేసు దేవాలయం చూశాం. 19వ శతాబ్దం చివర్లో మిల్‌హిల్ సంఘానికి చెందిన ఫాదర్ థియోడర్ డీక్‌మన్ హయాంలో లేచిన కట్టడమిది. చల్లగా, ప్రశాంతంగా ఉంది. ఏటా జులైలో ఇక్కడ జరిగే కార్మెల్ మాత పండక్కి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం కట్టలు తెంచుకుని వస్తారు. అందులో అన్ని మతాలవాళ్ళూ ఉంటారని అత్తయ్యగారు చెప్పారు.

ఈ ఊరికి ఇంకో గొప్పతనం ఉంది. మనలాంటి ఇల్లాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. తాటిపత్రి జ్ఞానమ్మగారు 1822లో పుట్టింది ఇక్కడే. ఉపాధ్యాయుణ్ణి పెళ్ళాడి, మద్రాసు వైపున్న కీలచ్చేరికి వెళ్ళారు. ఐదుగురు కొడుకుల తల్లి. 1859లో భర్త పోయారు. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదంటే మూల కూర్చోవలసిందేగా! ఆవిడ మాత్రం 1863లో కీలచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. 1874లో కన్నుమూశారు. ఆవిణ్ణి మూలపుటమ్మగా చెప్పుకునే సెయింట్ ఆన్ సిస్టర్ల సంఘాల్లో ఒకదానికి ఫిరంగిపురం పేరే ఉంది. మన వైపు సిస్టర్ల బళ్ళంటే తెల్లదొరసానులు తెచ్చిపెట్టినవే అనుకుంటాం గాని, వాటి వెనక మన తెలుగు ఇల్లాలు కూడా ఒకరున్నారు చూడండి.

అక్కణ్ణుంచి ఆటోలో మేం చూడాలనుకున్న బడికి వెళ్ళాం. పేరు చెప్పను. అలాంటివి మన జిల్లాల్లో చాలానే ఉన్నాయి, మీకు దగ్గర్లో ఉన్నదాన్నే అనుకోండి. వెల్ల వేసిన ప్రహరీ, లోపల పెద్ద వేపచెట్టు, దాని కింద మేరీమాత గూడు, ఓ పక్కన సిస్టర్లుండే చిన్న మేడ. నర్సరీ నుంచి పది దాకా తరగతికి ఒక్కటే సెక్షను. మొత్తం కలిపి రెండొందల పైచిలుకు పిల్లలు. మేం వెళ్ళేసరికి అన్నాల బెల్లు కొట్టారు. ఓ సిస్టరు వరండాలో తిరుగుతూ, "ఏమే, మళ్ళీ పెరుగన్నం వదిలేశావా?" అని ఓ పిల్లని కోప్పడుతోంది. పిల్ల పేరే కాదు, దాని కేరియర్లో ఏముందో కూడా ఆవిడకి తెలుసు! చిన్న బడిలో ఉన్న సుఖం అదే. పెద్ద బళ్ళలో మన పిల్ల ఒక నంబరు. ఇక్కడ ఫలానావాళ్ళమ్మాయి.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. నా చేతిలో కాగితం చూసి నవ్వి, "అడగండమ్మా, మొహమాటం వద్దు. పిల్లలకి మొదటి గురువులు తల్లిదండ్రులేనని మా వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. మేం మీ తర్వాతే" అన్నారు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

మొదటి ప్రశ్న, బడి నడిపేది ఎవరు? మన వైపు ఇంగ్లీషు మీడియం అయితే చాలు, కాన్వెంటు అనేస్తాం. సెయింటు పేరున్న బడులన్నీ కాథలిక్ బడులు కావు. కొన్ని సొంత వ్యాపారాలు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంటాయి కొన్ని. నిజమైన కాథలిక్ బడి అయితే ఏదో ఒక మేత్రాసనం కింద గాని, సిస్టర్ల సంఘమో ఫాదర్ల సంఘమో నడుపుతూ గాని ఉంటుంది. ఈ ప్రాంతమంతా 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం కిందికి వస్తుంది. ఈ బడి సిస్టర్ల సంఘానిది. ప్రభుత్వ ఎయిడ్ లేదు. అంటే టీచర్ల జీతాలూ, కరెంటు బిల్లూ అన్నీ మన ఫీజుల్లోంచే రావాలి. అందుకని ఖర్చులు ఆచితూచి పెడతారు.

రెండోది, గుర్తింపు. ఏ తరగతి వరకు ఉంది, ఎప్పటి వరకు ఉంది, ఆ కాగితం చూపించమని అడగండి. ప్రతి బడికీ 11 అంకెల యు-డైస్ కోడ్ ఉంటుంది. అదీ రాసుకోండి. పదో తరగతి పిల్లల హాల్‌టికెట్ మీద ఏ బడి పేరుంటుందో తప్పనిసరిగా అడగండి. నేనడగ్గానే సిస్టరుగారు బీరువా తీసి గుర్తింపు పత్రం నా ముందు పెట్టారు. చూపించడానికి నసిగే చోట మీ పిల్లని చేర్చకండి.

మూడోది అసలు ప్రశ్న. ఇంటి దగ్గర అత్తయ్యగారు పట్టుబట్టి అడగమన్నది ఇదే. "మా పిల్ల బొట్టు తీసెయ్యమంటారా? దాన్ని మీ మతంలో కలిపేస్తారా?" అంత సూటిగా ఎలా అడగను? నీళ్ళు నమిలాను. ఆవిడే అర్థం చేసుకుని చెప్పారు.

"మా బడిలో పొద్దున్నే ప్రార్థన ఉంటుందమ్మా. అది దాచిపెట్టి మీ పాపని చేర్చుకోను. కాథలిక్ పిల్లలకి వాళ్ళ మతబోధన విడిగా ఉంటుంది. ఆ సమయంలో మిగతా పిల్లలకి నీతిపాఠాలు చెబుతాం. చిన్న బొట్టుకి అభ్యంతరం లేదు. గాజు గాజులు, పువ్వులు మాత్రం వద్దంటాం. ఆటల్లో గాజులు పగిలి చేతులు కోసుకుంటున్నారు."

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది. అలాగే 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపున్న బడిలో మైనర్ పిల్లల్ని సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధనకి గాని, ఆరాధనకి గాని హాజరు కమ్మని నిర్బంధించకూడదు. వాళ్ళ హక్కు వాళ్ళకుంది, మన హక్కు మనకుంది. 2024లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా తమ బడులకి ఇచ్చిన సూచనల్లో, వేరే మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాల్ని రుద్దవద్దనీ, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ చెప్పింది. అయినా బొట్టు, పువ్వులు, మాల వేసుకున్న పిల్లల దుస్తులు, ఇలాంటి విషయాల్లో ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. చేర్చాక గొడవపడేకంటే ముందే అడగడం మేలు కదా!

సీట్ల సంగతి. కాథలిక్ కుటుంబాల పిల్లలకి, ఇప్పటికే చదువుతున్నవాళ్ళ తోబుట్టువులకి ముందు ఇచ్చి, మిగిలినవి మనకిస్తామన్నారు. విద్యాహక్కు చట్టం కింద బీద పిల్లలకి ఇచ్చే 25 శాతం సీట్ల గురించి కూడా అడిగాను. మైనారిటీ బడులకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఆ తీర్పుని పెద్ద ధర్మాసనం మళ్ళీ పరిశీలించాలని 2025లో ఇంకో ధర్మాసనం అభిప్రాయపడింది గాని, ప్రస్తుతానికి ఆ సీటు మనం హక్కుగా అడగలేం. కాకపోతే ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఫీజులో కొంత తగ్గించే అలవాటు చాలా సిస్టర్ల బళ్ళలో ఉంది. సిగ్గుపడకుండా అడగండి. ఏ పేరుతో డబ్బు కట్టినా రసీదు తీసుకోండి. పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, వార్షికోత్సవం చందా, అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేయించుకోండి.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. లోటుపాట్లూ చూశాను. సైన్సు లేబు అంటే రెండు బీరువాలు. కంప్యూటర్లు ఆరే ఆరు, పిల్లలు వంతులేసుకుంటారు. ఆ ఏడాది మధ్యలోనే లెక్కల మాస్టారు ఎక్కువ జీతమొస్తుందని వేరే బడికి వెళ్ళిపోయారు. రెండు నెలలు ఓ సిస్టరే లెక్కలు చెప్పారట. చిన్న బడిలో ఒక్క టీచరు పోతే ఆ సబ్జెక్టే ఆగిపోతుంది. అందుకని టీచర్లు ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నారో అడగండి. ఇంకోటి, ఒక్కటే సెక్షను కాబట్టి మీ పిల్లకి ఎవరితోనైనా పడకపోతే వేరే సెక్షనుకి మార్చే వీల్లేదు. పదో తరగతి దాకా వాళ్ళతోనే సర్దుకోవాలి.

వీటన్నింటికంటే ముఖ్యమైన సంగతి నేను కాగితం మీద రాసుకోలేదు, అడగలేదు. అదేమిటంటే, సిస్టర్లకి బదిలీలుంటాయి. సంఘం పెద్దలు ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్ళాల్సిందే. మా పిల్లని ఆ జూన్‌లో అక్కడే చేర్చాం. ఏడాది తిరిగేసరికి ఆ సిస్టరుగారికి బదిలీ అయింది. వెళ్ళేరోజు పిల్లలతో పాటు నేనూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కొత్తగా వచ్చినావిడ మంచిదే గాని గట్టి మనిషి. మొదటి వారంలోనే బొట్లు వద్దన్నారు. మా పిల్ల సాయంత్రం ఏడుస్తూ వచ్చింది. అత్తయ్యగారు "నేను చెప్పలేదూ!" అని అందుకున్నారు. టి.సి. తెచ్చేద్దామని మావారూ లేచారు.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. చేర్చేటప్పుడు ఇచ్చిన నియమాల పుస్తకం వెంట తీసుకెళ్ళాను. అందులో పువ్వులు, గాజులు అని ఉంది గాని బొట్టు మాట లేదు. "సిస్టరుగారూ, మీ బడి మీద గౌరవంతోనే వచ్చాను. ఈ నియమం నాకు ముందు చెప్పలేదు" అని నెమ్మదిగానే అన్నాను. ఆవిడ పుస్తకం తిరగేసి కాసేపు ఆలోచించారు. "స్టిక్కర్లు పెద్దవి పెట్టుకుని పాఠం వినకుండా ఒకళ్ళవి ఒకళ్ళు పీక్కుంటున్నారమ్మా. అందుకని అన్నాను. చిన్నది పెట్టి పంపండి" అన్నారు. అంతే, గొడవ తీరిపోయింది. ఆ పుస్తకమే లేకపోతే నా మాటకి ఆధారమేముంది?

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, నేను చెప్పొచ్చేదేమిటంటే, ఒక్క సిస్టరుగారి మంచితనం చూసి బడిని నమ్మకండి. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఉండేవాటిని చూడండి. గుర్తింపు పత్రం, నియమాల పుస్తకం, ఏళ్ళ తరబడి ఉన్న టీచర్లు, పిల్లల్ని పేరుపెట్టి పిలిచే ఆయమ్మ, ఇవి ఉన్నాయా లేదా? తల్లిదండ్రుల మీటింగు పెడతారా, పెడితే మన మాట వింటారా?

చూడ్డానికి వెళ్ళేటప్పుడు బడి వదిలే వేళకి వెళ్ళండి. గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలా సంగతులు తెలుస్తాయి. పిల్లలు బయటికొచ్చే తీరు చూడండి, ఆటో దగ్గర పెద్దవాళ్ళెవరైనా నిలబడి ఎక్కిస్తున్నారా గమనించండి. అక్కడికొచ్చే తల్లుల్ని పలకరించండి. పిల్లని కూడా తీసుకెళ్ళి, దానికెలా ఉందో అడగండి.

మా చిన్నది ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. ఇంగ్లీషు ఇంకా తడబడుతూనే మాట్లాడుతుంది. లెక్కలకి కొత్త టీచరమ్మ వచ్చాక మార్కులు కాస్త మెరుగుపడ్డాయి. పోయిన క్రిస్మస్‌కి బడిలో ఇచ్చిన కేకు ముక్క పొట్లం కట్టి వాళ్ళ నానమ్మకి తెచ్చింది. అత్తయ్యగారు గుడ్డు వేశారేమో అని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వే తినవే" అని దానికే ఇచ్చేశారు. మర్నాడు మాత్రం సంక్రాంతికి ముందే అరిసెల పాకం పట్టించి, సిస్టర్లకిమ్మని డబ్బా నింపి పంపారు.