చలికాలంలో వేడినీళ్ళు

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో ఉండేవారికి చలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. నగరంలోని సిమెంటు కట్టడాలు పగటి ఎండను దాచుకొని రాత్రంతా కొంచెం కొంచెంగా విడిచిపెడతాయి. ఇక్కడి పొలాలు, పూలతోటలు పొద్దు కుంకగానే చల్లబడతాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇక్కడ చలి ఎక్కువ.

మా ఇంట్లో మేము ఆరుగురం. చలికాలం వచ్చిందంటే గీజరు ఆగేది కాదు, కరెంటు బిల్లు పెరిగేది. బిల్లు గురించి మేము మాట్లాడుకొనే మాటలు పిల్లల నానమ్మ చెవిని పడ్డాయి. ఆమెకు కీళ్ళనొప్పులు. అయినా "నాకెందుకు బిడ్డా వేడినీళ్ళు, పిల్లలకు పోయుండ్రి" అని చన్నీళ్ళే పోసుకొనేది. తరువాత గంటసేపు దుప్పటి కప్పుకొని వణికేది. అది చూడలేక మేము హీట్ పంపు పెట్టించుకున్నాము.

ఇది ఫ్రిజ్ వంటిదే. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి బయటకు వదులుతుంది. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీటికి అందిస్తుంది. చల్లని గాలిలో కూడా వేడి ఉంటుందని, దాన్ని పైకి తోడవచ్చునని విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త 1852లోనే వివరించాడు. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు కాచడానికి గీజరుకు సుమారు మూడున్నర యూనిట్లు కావాలి. గాలి వెచ్చగా ఉంటే హీట్ పంపుకు అందులో మూడవ వంతు చాలు.

అయితే చలిలో ఆ లాభం తగ్గుతుంది. లోతు బావిలో నుండి నీరు తోడడం ఎక్కువ శ్రమ కదా! అలాగే గాలికీ కాగవలసిన నీటికీ మధ్య ఎడం పెరిగినకొద్దీ యంత్రం ఎక్కువ కష్టపడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటిది వేళ. తెల్లవారి ఐదింటికి కాకుండా మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు నీరు కాగనివ్వాలి. మా చలికాలంలో ఆ రెండు వేళల మధ్య గాలిలో పదిహేను డిగ్రీల తేడా కూడా ఉంటుంది. ట్యాంకుకు మంచి తొడుగు ఉంటే ఆ వేడి మరునాటి ఉదయం వరకు నిలుస్తుంది. మేము ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం నడిపి మీటరు రాసుకున్నాము. మధ్యాహ్నపు వారమే తక్కువ తిరిగింది.

రెండవది, అవసరానికి మించి కాచకూడదు. స్నానానికి 50 డిగ్రీలు చాలు. దానిలోనే చన్నీళ్ళు కలుపుకుంటాము. నిలవ నీటిలో హానికర క్రిములు పెరగకుండా వారానికొకసారి మాత్రం 60 డిగ్రీలకు కాచాలి.

మూడవది చోటు. మా యంత్రాన్ని మొదట బిగించినవారు ఇంటి వెనుక ఇరుకు సందులో పెట్టి వెళ్ళారు. అది వదిలిన చల్లగాలినే మళ్ళీ పీల్చుకొనేది. తరువాత ఎండ తగిలే డాబా మీదికి మార్పించాము. పొలాల దుమ్ము రేకుల మధ్య పేరుకుంటే గాలి ఆడదు గనుక నెలకొకసారి కరెంటు ఆపి మెత్తని బ్రష్షుతో దులుపుతాము. డాబా నుండి స్నానాలగదికి వచ్చే గొట్టానికి ఫోము చుట్టించాము.

నార్వే, స్వీడన్ వంటి మంచు దేశాల్లో ఇళ్ళను సైతం ఇలాంటి యంత్రాలతోనే వెచ్చగా ఉంచుకొంటారు. అక్కడ బయటి భాగం మీద మంచు గడితే యంత్రమే దాన్ని కరిగించుకొంటుంది. మనకు ఆ బాధ లేదు. మన మధ్యాహ్నపు ఎండే మనకు పెద్ద సాయం.

ఇప్పుడు నానమ్మ రోజూ ఉదయం వేడినీళ్ళే పోసుకొంటున్నది. మీటరు రాసిన పుస్తకాన్ని పిల్లలు ఆమెకు చదివి వినిపించిన తరువాతనే ఒప్పుకున్నది. మీ ఇంట్లోనూ ఖర్చుకు భయపడి నోరు తెరవకుండా చన్నీళ్ళతో సరిపెట్టుకొనే పెద్దవారు ఉన్నారేమో, ఈ చలికాలం ముదరకముందే ఒకసారి అడిగి చూడండి.